మా గెడ్డ ఉగాదికే ఆగిపోయింది: బోరు వేయించుకోవాలా, ఊటనే నమ్ముకోవాలా?

గెడ్డవార

విశాఖలో పుట్టి పెరిగిన పిల్లలకు గెడ్డ అంటే ఇళ్ల వెనుక మురుగు పారే కాలువ. నేను ఇరవై రెండేళ్లుగా గాజువాకలో ఉంటున్నప్పటికీ అనంతగిరి కొండల్లో పుట్టినవాణ్ని కనుక, ఆ మాట వినగానే నాకు రాళ్ల మీదుగా దూకుతూ వచ్చే చల్లని నీళ్లే గుర్తుకు వస్తాయి. ఆ నీళ్ల గురించే ఈ ప్రశ్న.

మా ఊళ్లో 34 గడపలు ఉన్నాయి. ఊరికి ఎగువన అర కిలోమీటరు దూరంలో ఒక పెద్ద బండ కింద ఊట పుడుతుంది. అదే గెడ్డగా మారి మా మడులను తడిపి, దిగువన ఇంకో ఊరిని దాటి గోస్తని నదిలో కలుస్తుంది. నా చిన్నతనంలో నడివేసవిలో కూడా పిల్లలం ఈదులాడేటన్ని నీళ్లు ఉండేవి. ఈ ఏడాది ఉగాది నాటికే పారకం ఆగిపోయింది. మొన్న వెళ్లినప్పుడు మా వదిన గెడ్డ నడుమ ఇసుక తవ్వి చెలమ చేసి, ఎండిన సొరకాయ బుర్రతో నీళ్లు తోడుతోంది. నాలుగు బుర్రలు తోడేసరికి చెలమ అడుగు కనిపిస్తుంది, మళ్లీ ఊరేవరకు గట్టు మీద కూర్చోవాలి. ఒక్క బిందె నిండడానికి అరగంట పట్టింది. ఆవిడ వెనుక ఇంకా ఏడుగురు ఖాళీ బిందెలతో కూర్చుని ఉన్నారు.

అధికారులు వచ్చి బోరు వేయిస్తామన్నారు. కుర్రవాళ్లు వెంటనే సరేనన్నారు. పెద్దవాళ్లు మాత్రం కొండ కడుపుకు కన్నం పెడితే ఉన్న ఊట కూడా పోతుందని పట్టుబట్టి కూర్చున్నారు. నాలుగు అక్షరాలు చదువుకున్నానని నన్ను తేల్చమంటున్నారు. ఇటువంటి పరిస్థితి చూసినవారు దయచేసి చెప్పండి.

పాడేరు_పసుపు

ఆలోచించకుండా బోరు వేయించుకోండి. మా ఊళ్లో చేతిపంపు పెట్టి ఆరేళ్లు దాటింది, ఇంతవరకు ఒక్క వేసవిలోనూ ఆగలేదు. మా అమ్మ డెబ్బై ఏళ్ల వయసులో కొండ దిగి బిందె మోసుకురావలసిన అవసరం తప్పింది. ఊట పవిత్రమైనదే, కాదనను. కానీ నీళ్లు మోసేది ఆడవాళ్లు, బోరు వద్దని తీర్పు చెప్పేది మగ పెద్దలు. మీ వదినగారిని ఎవరైనా అడిగారా?

వలిసెపూలు

పసుపు గారి ఊరికి కలిసివచ్చింది, సంతోషం. మా ఊళ్లో వేసిన బోరు నుంచి ఎర్రటి నీళ్లు వచ్చాయి. ఆ నీళ్లతో అన్నం వండితే రంగు మారి తుప్పు వాసన వేసేది. రెండో ఏడాది పంపు కడ్డీ తెగి లోపల పడింది. బాగుచేసే మనిషి దూరం నుంచి రావాలి, దారి సరిగా లేదని అతను రాలేదు. అందరం మళ్లీ ఊటకే వెళ్తున్నాం.

రాతిపొర

నేను కళాశాలలో భూగర్భశాస్త్రం బోధించి విరమించినవాణ్ని. మీ పెద్దల భయంలో కొంత నిజం ఉంది, పసుపు గారి మాటలోనూ కొంత ఉంది. ఆ కొండ లోపల నీళ్లు ఎలా నడుస్తాయో చెబుతాను, తరువాత మీరే నిర్ణయించుకోవచ్చు.

మన తూర్పు కనుమల్లో ఎక్కువగా కనిపించే రాతి పేరు ఖోండలైట్. ఈ కొండల్లో ఉండే ఖోండు గిరిజనుల పేరునే 1902లో ఆ రాతికి పెట్టారు. ఈ రాయి ఎండకూ వానకూ యుగాల తరబడి లోతుగా శిథిలమై పైన ఎర్రమట్టిగానూ, కొన్ని ఎత్తైన కొండల నెత్తి మీద బాక్సైట్ (అల్యూమినియం తీసే ఖనిజం) పొరగానూ మారింది. ఆ పై పొర వాననీటిని పీల్చుకుని పట్టి ఉంచుతుంది. నీరు మెల్లగా కిందికి దిగి, గట్టి రాయి అడ్డం తగిలిన చోట పక్కకు మళ్లి, మీ బండ లాంటి చోట బయటకు వస్తుంది. అంటే వేసవిలో మీరు తాగేది నిరుడు కురిసిన వాన. కనుక ఊట తగ్గిందంటే బండ దగ్గర వెతికి లాభం లేదు. దాని పైన ఉన్న వాలులో వాన నేలలోకి ఇంకుతోందా, పైపైనే జారిపోతోందా అన్నది చూడాలి.

ఇక బోరు సంగతి. గట్టి రాతిలో నీరు పగుళ్లలోనే ఉంటుంది. గొట్టానికి పగులు తగిలితే నీళ్లు వస్తాయి, తగలకపోతే రాతిపొడి వస్తుంది. తగిలిన పగులు మీ ఊటకు నీరందించేదే అయితే పెద్దలు భయపడినట్టే జరుగుతుంది, వేరేదైతే ఊటకు ఏమీ కాదు. ఊటకు ఎగువన మాత్రం బోరు వేయనివ్వకండి.

అన్నిటికంటే ముందు ఒక పని చేయండి. గెడ్డలో కాకుండా, నీరు బండ కింద నుంచి బయటపడే చోట కొలత తెలిసిన బకెట్ పెట్టి, అది ఎన్ని సెకన్లలో నిండుతుందో చూసి రాయండి. సెకనుకు ఒక లీటరు ఊరితే రోజుకు 86,400 లీటర్లు అవుతుంది. అందులో పదో వంతు ఊరినా, మనిషికి రోజుకు 55 లీటర్లన్న జల్ జీవన్ మిషన్ (ఇంటింటికీ కుళాయి ఇచ్చే కేంద్ర పథకం) లెక్క ప్రకారం 150 మందికి పైగా సరిపోతుంది. ఈ అంకె చేతిలో లేకుండా బోరు మంచిదా, ఊట మంచిదా అని ఎంతసేపు వాదించుకున్నా ఫలితం ఉండదు.

చోడిఅంబలి

రాతిపొర మాస్టారు చెప్పిన పై వాలు సంగతే నేనూ అడగాలనుకున్నాను. ఊట పైన ఇప్పుడు ఏముంది? కాఫీకి నీడ కోసం వేసే సిల్వర్ ఓక్ చెట్లు ఉన్నాయా? మా వైపు పనస, నేరేడు, మామిడి ఉన్న వాలును చదును చేసి వరుసగా సిల్వర్ ఓక్ వేశారు. పనస చెట్టు కింద చేయి పెట్టి తవ్వితే జానెడు లోతు వరకు చెమ్మ తగిలేది. ఇప్పుడు అదే చోట గునపం దిగడం లేదు.

కాఫీతోట

ప్రతి చర్చలోనూ కాఫీ మీద నింద పడడం బాధ కలిగిస్తోంది. నాకు రెండెకరాల తోట ఉంది. మా నాన్నగారు అక్కడ పోడు కొట్టి, అంటే అడవి నరికి కాల్చి, చోళ్లు (రాగులు), సామలు పండించేవారు. వాన పడితే ఎర్రమట్టి అంతా గెడ్డలోకి దిగేది. కాఫీ వేశాక నేల మీద ఆకు పరచుకుంది, మట్టి కదలడం ఆగింది. కాఫీ నీడలోనే బతుకుతుంది కనుక చెట్టు లేకుండా మా తోట లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు నీడ చెట్లు ఎన్ని కూలిపోయాయో ఈ ప్రాంతంలో అందరికీ తెలుసు. ఆ తరువాత తొందరగా పెరుగుతుందని సిల్వర్ ఓక్ వేసుకున్నాం. పనస నీడ ఇవ్వడానికి ఎన్నేళ్లు పడుతుందో, అంతవరకు మేమేం తినాలో చోడిఅంబలి గారు చెప్పాలి.

చోడిఅంబలి

మిమ్మల్ని నిందించలేదు, అన్నా. సిల్వర్ ఓక్ మధ్యలో పనస, నేరేడు మొక్కలు కూడా నాటమనే నా మాట. మిరియాల తీగ పనస మీదికి కూడా ఎక్కుతుంది కదా.

డోలీబాట

ఇంకో సంగతి కూడా చేర్చాలి. నేను కొండ గూడేల్లో ఆరోగ్య కార్యకర్తగా పనిచేస్తున్నాను. డిసెంబరు, జనవరి నెలల్లో కాఫీ పండు తొక్కు తీసి, గింజను పులియబెట్టి కడిగిన నీళ్లను చాలామంది నేరుగా గెడ్డలోకి వదులుతారు. ఆ నీళ్లు పుల్లగా వాసన వేస్తాయి, దిగువ ఊళ్లో పశువులు కూడా మూతి పెట్టవు. కాఫీతోట గారు తమ ఊళ్లో ఏం చేస్తున్నారో తెలియదు కానీ, ఆ నెలల్లో దిగువ గూడేల వాళ్లు నాతో చెప్పుకునే మొదటి ఫిర్యాదు అదే.

కాఫీతోట

ఇది ఒప్పుకోవలసిన మాటే. మా ఊళ్లో రెండేళ్ల క్రితం వరకు అలాగే వదిలేవాళ్లం. ఇప్పుడు గెడ్డకు దూరంగా గొయ్యి తీసి, కడిగిన నీళ్లు అందులో ఇంకేలా చేస్తున్నాం, తొక్కును ఎరువు గుంతలో వేస్తున్నాం. నీళ్లు తక్కువున్న వాళ్లు పండును అలాగే ఎండబెట్టి అమ్ముకుంటారు, దానికి కడగడం అవసరం లేదు. ధర మాత్రం తగ్గుతుంది.

ముడసర్లోవ_నడక

నగరవాసిగా ఒక్క మాట. నేను రోజూ ఉదయం నడిచే దారిలో ఉన్న ముడసర్లోవ జలాశయం నుంచి, గోస్తని మీద ఉన్న తాటిపూడి నుంచి, శారద మీద ఉన్న రైవాడ నుంచి, మేఘాద్రిగెడ్డ నుంచి విశాఖకు తాగునీరు వస్తోంది. గోస్తని, శారద రెండూ అనంతగిరి కొండల్లోనే పుడుతున్నాయి. అంటే గెడ్డవార గారి వదినగారు అరగంట కూర్చుని తోడే నీటి కొండే మా ఇంటి కుళాయికీ తల్లి. మేం ఆ కొండల వైపు చాపరాయికో, కటికికో విహారానికి వెళ్లి సీసాలు పడేసి రావడం తప్ప ఏమీ ఇవ్వలేదు. కొలతలకో, మొక్కలకో మనిషి సాయం కావలసివస్తే నేను, మా నడక మిత్రులు వస్తాం.

పాడేరు_పసుపు

చెట్లు నాటండి, గుంతలు తవ్వండి, కాదనను. అవి ఫలించేసరికి ఎన్నేళ్లు పడుతుంది? ఈ ఏప్రిల్‌లో, మే నెలలో ఏం తాగాలి? నా ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పలేదు.

గెడ్డవార

పసుపు గారు అడిగారు కనుక వదినను ఫోనులో అడిగాను. ఆవిడ చెప్పింది ఇది: "బోరైనా ఊటైనా నాకొకటే, ఇంటి దగ్గరికి రావాలి. కానీ పప్పు ఉడకాలి." మా ఊళ్లో ఊటనీళ్లతో కందిపప్పు తొందరగా ఉడుకుతుంది. పొరుగూరి బోరు నీళ్లతో ఎంతసేపటికీ ఉడకదని ఆడవాళ్లందరికీ తెలుసట. ఈ సంగతి మగవాళ్లం ఎవరం ఎప్పుడూ చెప్పుకోలేదు.

పై వాలు గురించి చోడిఅంబలి గారు అడిగారు. నిజం దాచను. హుద్‌హుద్‌కు ముందు ఊట పైన మద్ది, నేరేడు, పనస గుబురుగా ఉండేవి. తుపానుకు పెద్ద చెట్లు పడిపోయాయి. పడినవి వంటచెరకుగా తెచ్చుకున్నాం, ఆ ఖాళీలో మా చిన్నాన్న కొడుకులే పోడు కొట్టారు. తప్పని నేను అనలేను, వాళ్లకు వేరే గరువు (మెట్ట పొలం) లేదు.

రాతిపొర మాస్టారి బకెట్ కొలత ఈ ఆదివారం చేయిస్తాను.

డోలీబాట

ఎండిన గెడ్డ గురించే మాట్లాడుతున్నాం కనుక పొంగిన గెడ్డ గురించి కూడా చెప్పాలి. ఆకు, గడ్డి లేని వాలు నుంచి వాన ఒక్కసారిగా దిగుతుంది. వేసవిలో చెలమ తవ్వుకునే అదే గెడ్డ శ్రావణంలో మనిషిని నిలబడనివ్వదు. మూడేళ్ల క్రితం ఒక నిండు గర్భిణిని డోలీలో తీసుకువస్తున్నాం. గెడ్డ దగ్గరికి వచ్చేసరికి నీరు నడుము దాటింది. అవతల అంబులెన్స్ లైటు కనిపిస్తోంది, మధ్యలో నలభై అడుగుల నీరు. నలుగురు మగవాళ్లు డోలీ కర్రను భుజం మీద నుంచి తలపైకి ఎత్తి పట్టుకున్నారు. ముందున్న అబ్బాయి కాలితో రాయిని తడుముకుని, నిలిచిందని నమ్మకం కుదిరాక "వెయ్" అనేవాడు, అప్పుడే వెనుకవాళ్లు అడుగు వేసేవారు. ఆమె ఒక్క కేక కూడా వేయలేదు, దుప్పటి అంచును పళ్లతో కరిచిపట్టుకుంది. తల్లీ బిడ్డా క్షేమంగా ఉన్నారు. ఆ గెడ్డ మీద వంతెన ఇంకా రాలేదు.

అందుకే అంటున్నాను, కొండ పైన నీటిని నిలిపే పని వేసవి కోసమే అనుకోకండి.

గ్రామసభ_కబురు

పోడు గురించి, అటవీ భూమి గురించి మాట వచ్చింది కనుక చట్టం ఏం చెబుతోందో చెప్పాలి. 2006 నాటి అటవీ హక్కుల చట్టం 5వ సెక్షన్ గ్రామసభకు తమ పరిసరాల్లోని నీటి పరీవాహక ప్రాంతాలను, నీటి వనరులను కాపాడే అధికారం ఇచ్చింది. అదే చట్టం 3వ సెక్షన్‌లో ఇంకో ఉపయోగకరమైన నిబంధన ఉంది. తాగునీటి సరఫరా, పైపులైన్ల వంటి పనులకు గ్రామసభ సిఫార్సు చేస్తే, ఒక హెక్టారు కంటే తక్కువ అటవీ భూమిని, హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకుండా వాడుకోవచ్చు. అడవిలో పైపు వేయనివ్వరని నిరాశ పడకండి, తీర్మానం రాసి పంపండి. మీది షెడ్యూల్డ్ ప్రాంతం (రాజ్యాంగం గిరిజనుల కోసం ప్రత్యేకంగా గుర్తించిన ప్రాంతం) కనుక, అటువంటి చోట్ల పంచాయతీల కోసం చేసిన 1996 నాటి పెసా చట్టం ప్రకారం చిన్న నీటి వనరుల నిర్వహణ కూడా పంచాయతీలదే.

ఈ హక్కుల విషయంలో అనంతగిరికి చరిత్రే ఉంది. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరులకు గనుల లీజులు ఇవ్వకూడదని 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన సమతా తీర్పు ఆ మండలంలోని గనుల లీజుల వివాదం నుంచే పుట్టింది. ఇక 2015లో జెర్రిల కొండల్లో బాక్సైట్ తవ్వకం కోసం 97వ నంబరు ప్రభుత్వ ఉత్తర్వు వచ్చినప్పుడు మన్యం అంతటా జనం అడిగిన ప్రశ్నల్లో ఒకటి, కొండ నెత్తి తవ్వేస్తే ఊటలు ఎక్కడి నుంచి వస్తాయన్నదే. రాతిపొర మాస్టారు ఇప్పుడు చెప్పిన శాస్త్రాన్ని వాళ్లు అప్పటికే తమ మాటల్లో చెప్పారు. ఆ బాక్సైట్ లీజులు 2019లో రద్దయ్యాయి.

రావికమతం_కొండ

మాది నాన్ షెడ్యూల్డ్ గూడెం. మేమూ కొండ మీదే ఉన్నాం, మేమూ గిరిజనులమే, మాకూ ఊటే దిక్కు. కానీ మాకు పెసా వర్తించదు. గ్రామసభ అంటే కింద మైదానంలో ఉన్న పెద్ద ఊరి సభ, అందులో మా 16 ఇళ్ల మాట వినబడదు. మా వంటివాళ్లు ఏం చేయాలి?

గ్రామసభ_కబురు

మీ బాధ న్యాయమైనది. పెసా మీకు వర్తించదన్నది నిజమే, అటవీ హక్కుల చట్టం మాత్రం షెడ్యూలుతో సంబంధం లేకుండా అడవిలో నివసించే గిరిజనులందరికీ వర్తిస్తుంది. మీ ఊట అటవీ భూమిలో ఉంటే సామాజిక హక్కు కోసం దరఖాస్తు చేయండి. దాని నమూనా మీకు విడిగా పంపుతాను.

దిగువమడి

ఎగువ ఊరివాళ్లందరూ ఊటను పైపులోకి ఎక్కించుకోవడం గురించి మాట్లాడుతున్నారు. నేను దిగువ ఊరివాణ్ని, ఈ గెడ్డ కాదు, ఇంకో గెడ్డ. నాలుగేళ్ల క్రితం మా ఎగువ ఊళ్లో ఊట దగ్గర తొట్టె కట్టి, మొత్తం నీటిని పైపుల్లోకి మళ్లించారు. వాళ్ల ఇళ్ల ముందు కుళాయిలు రాత్రంతా పారుతూనే ఉంటాయి, తిప్పి ఆపేవాళ్లు లేరు. మా మడులు రెండో పంట మానుకున్నాయి, గేదెలు తాగడానికి కిలోమీటరు తోలుకుపోవాలి. రెండు ఊళ్ల మధ్య పిల్లనిచ్చి పుచ్చుకునే సంబంధాలు ఉన్నాయి, ఇప్పుడు సంతలో కనిపించినా మాట్లాడుకోవడం లేదు. గెడ్డవార గారూ, మీ దిగువ ఊరివాళ్లను అడగకుండా ఏమీ కట్టకండి.

రాతిపొర

దిగువమడి గారి హెచ్చరిక నా సలహాలో లేని లోటును చూపించింది. తొట్టె కట్టేటప్పుడు దానికి పొర్లుగొట్టం పెట్టి, నిండిన తరువాత వచ్చే నీరు గెడ్డలోకే పడేలా చేయాలి. ప్రతి కుళాయికీ బిరడా ఉండాలి. ఊట కన్నును సిమెంటుతో ఎప్పుడూ మూయకండి. నీటికి దారి మూసుకుపోతే అది వేరే చోట వెళ్లిపోతుంది.

గెడ్డవార

ఆదివారం కొలిచాం. పదిహేను లీటర్ల బకెట్, మా మేనల్లుడి ఫోనులో గడియారం. మూడుసార్లు పెట్టి చూస్తే మూడుసార్లూ కాస్త అటూ ఇటుగా 200 సెకన్లు పట్టింది. రోజుకు 6,480 లీటర్లు. ఊళ్లో చంటిపిల్లలతో కలిపి 148 మందిమి ఉన్నాం, తలకు 43 లీటర్ల పైచిలుకు వస్తుంది.

మా అందరికీ ఆశ్చర్యం కలిగించింది ఇంకోటి. బండ దగ్గర ఇంత నీరు ఊరుతుంటే ఊరి దగ్గర గెడ్డ ఎందుకు ఎండిందని గట్టు వెంట నడిచి చూశాం. రెండు వందల అడుగులు దిగేసరికి నీరంతా రాళ్ల సందుల్లోకి దిగిపోతోంది. మా వదిన తోడుతున్న చెలమలో ఊరేది అందులో మిగిలిన కొసరు. బోరు వద్దన్న మా తాత ఆ రాళ్ల మీద చెవి ఆనించి, కింద నీళ్ల చప్పుడు వినమని పిల్లలను పిలిచాడు. నేనూ విన్నాను.

పాడేరు_పసుపు

పుట్టేచోట అంత నీరుంటే నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. ముందుగా ఈ వేసవికి ఊట నుంచి ఊరికి పైపు వేసుకోండి. పైపు ఖర్చుకు చందా వేస్తే నా వంతు పంపుతాను.

డోలీబాట

తొట్టె కట్టకముందే నీటి పరీక్ష చేయించండి. ఊట పైన పశువులు తిరగకుండా కంచె కట్టండి. వానాకాలంలో మొదటి నాలుగు వానలకు విరేచనాలు మొదలయ్యేది ఊటలోకి పైనుంచి మురికి దిగడం వల్లే. నాణ్యత పరీక్షకు నీళ్లు ఎలా పట్టాలో వచ్చి చూపిస్తాను.

చోడిఅంబలి

మీ చిన్నాన్న కొడుకుల పోడు సంగతి ఏమైంది?

గెడ్డవార

దానికే ఎక్కువసేపు పట్టింది. ఊటకు సరిగ్గా పైన ఉన్న అరెకరం ఈ ఏడాది దున్నబోమని, అందులో ఉపాధి పనుల కింద అడ్డ కందకాలు తీసి పనస, నేరేడు, అడ్డాకు పెంచుతామని వాళ్లే చివరకు అన్నారు. ఆ అరెకరంలో పండే చోళ్లు ఎన్ని కుంచాలో లెక్కగట్టి, ఇంటికి కొంత చొప్పున ఊరంతా వాళ్లకు ఇవ్వాలని మా వదిన ప్రతిపాదించింది. పెద్దలు కాసేపు ఆలోచించి ఒప్పుకున్నారు.

బోరు సంగతి పక్కన పెట్టాం. దిగువ ఊరివాళ్లను వచ్చే సంత రోజున బండ దగ్గరికి పిలిచాం. వాళ్ల ముందే మళ్లీ కొలిచి, పొర్లుగొట్టం ఏ ఎత్తున పెట్టాలో వాళ్లనే చెప్పమంటాం. దిగువమడి గారు వీలైతే రావాలి, మీ ఊళ్లో జరిగింది మీ నోటితో చెబితే మావాళ్లు వింటారు. ముడసర్లోవ_నడక గారు, కందకాలకు వాలు చూడడానికి నీటిమట్టం గొట్టం ఒకటి విశాఖ నుంచి పట్టుకురాగలరా? మా దగ్గర దొరకలేదు.

ముడసర్లోవ_నడక

తెస్తాను. పది మీటర్లది చాలా, ఇరవై కావాలా?

గెడ్డవార

ఇరవై తెండి.